నెపం వర్సెయిల్స్ మీద

“రెండో ప్రపంచ యుద్ధానికి బీజాలు వర్సెయిల్స్ సంధిలోనే ఉన్నాయి.” పదో తరగతి సోషల్ పేపర్ నుంచి గ్రూప్స్ మెయిన్స్ దాకా ఈ వాక్యం రాయకుండా బయటపడ్డ తెలుగు విద్యార్థి అరుదు. రాస్తే మార్కులు పడతాయి. (మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఓడిన జర్మనీ చేత గెలిచిన దేశాలు సంతకం పెట్టించిన సంధి ఇది.) పోటీ పరీక్షల పిల్లలకు కొన్నేళ్లు ప్రపంచ చరిత్ర చెప్పాను కాబట్టి ఎన్ని జవాబు పత్రాల్లో చూశానో లెక్కలేదు. గైడ్లలో దాని వెనకే ఓ వరస ఉంటుంది. జర్మనీని అవమానించారు, నష్టపరిహారంతో నడ్డి విరిచారు, భూములు లాక్కున్నారు, అందుకే హిట్లర్ వచ్చాడు, అందుకే యుద్ధం వచ్చింది.

ఈ వరసలో ఏ మెట్టూ గట్టిగా నిలబడదన్నది నా వాదన. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఇది హిట్లర్ తన గురించి తాను ఊరూరా చెప్పుకున్న కథ. ఆ కథను లండన్‌లో పెద్దమనుషులు నమ్మారు. నమ్మారు కాబట్టే, ఆపగలిగిన రోజుల్లో అతన్ని ఆపలేదు. సంధి షరతులు చేసిన చెరుపు కంటే, ఆ సంధి గురించి పుట్టిన ఈ నమ్మకం చేసిన చెరుపే పెద్దది.

ఒకసారి క్లాసులో ఓ అమ్మాయి లేచి అడిగింది: “సార్, జపాన్ గెలిచినవాళ్ల పక్షం కదా. మరి దానికేం అవమానం జరిగింది?” ఆ ప్రశ్న ఒక్కటి చాలు, గైడు వాక్యం కుదేలవడానికి. 1919 జూన్ 28న వర్సెయిల్స్ రాజభవనంలోని అద్దాల మందిరంలో సంతకాలు పెట్టినప్పుడు జపాన్ విజేతల వరసలో ఉంది. చైనాలోని షాన్‌టుంగ్‌లో జర్మనీ అనుభవించిన హక్కులు, పసిఫిక్‌లో భూమధ్యరేఖకు పైనున్న జర్మన్ దీవులు దానికే దక్కాయి. నానాజాతి సమితి కౌన్సిల్లో శాశ్వత స్థానం దక్కింది. జాతుల సమానత్వం గురించి ఒక మాట చేర్చమంటే ఒప్పుకోలేదన్న కోపం జపాన్‌కు ఉన్న మాట నిజం. కానీ 1931 సెప్టెంబరు 18న ముక్డెన్ దగ్గర రైలు పట్టాల మీద తమ మనుషులే పేలుడు జరిపించి, ఆ సాకుతో మంచూరియాను మింగిన సైనికాధికారులకు కావలసింది బొగ్గు, ఇనుము, నేల. ఇటలీ కూడా గెలిచిన దేశమే. ముస్సోలినీ 1922లో గద్దెనెక్కాడు, 1935లో ఇథియోపియా మీద పడ్డాడు. యుద్ధానికి కాలు దువ్విన మూడు దేశాల్లో రెండు ఆ సంధిలో గెలిచిన పక్షానివే.

(అన్నట్టు, ఆ సంధి మీద భారతదేశం పేరున కూడా సంతకాలున్నాయి. ఒకటి లండన్‌లో కూర్చుని మనల్ని పాలించే మంత్రి మాంటేగుది, ఇంకోటి బికనీర్ మహారాజు గంగాసింగ్‌ది. అమృత్‌సర్‌లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు.)

ఇక జర్మనీ సంగతి. సంధి కఠినమైనదే. లక్షమందికి మించి సైన్యం ఉండకూడదన్నారు. విమానదళం వద్దన్నారు. యుద్ధ బాధ్యతను 231వ అధికరణంలో జర్మనీ నెత్తిన పెట్టారు. దేశ విస్తీర్ణంలో దాదాపు 13 శాతం పోయింది. అయితే అంతకు ఏడాది ముందు, 1918 మార్చిలో, అదే జర్మనీ బ్రెస్ట్ లిటోవ్‌స్క్‌లో రష్యా చేత రాయించుకున్న సంధిని దీని పక్కన పెట్టి చూడండి. పోలండ్, బాల్టిక్ ప్రాంతాలు, ఉక్రెయిన్ రష్యా చేతిలోంచి ఒక్క దెబ్బకు జారిపోయాయి. అంతకు ముందు 1871లో ఓడిన ఫ్రాన్స్ దగ్గర 500 కోట్ల ఫ్రాంకులు, అల్సాస్, లొరేన్ ప్రాంతాలు తీసుకుంది కూడా జర్మనీయే. ఆ కాలంలో ఓడినవాడి దగ్గర వసూలు చేయడం రివాజు. వర్సెయిల్స్ దానికి మినహాయింపేమీ కాదు.

నష్టపరిహారం 13,200 కోట్ల గోల్డ్ మార్కులని గైడ్లు రాస్తాయి. 1921లో లండన్‌లో ఖరారైన అంకె అదే. కానీ అందులో 8,200 కోట్లు ‘సి’ బాండ్ల పేరుతో కాగితం మీద పెట్టినవి. వసూలవుతాయని పెట్టినవాళ్లకే నమ్మకం లేదు. ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో ఓటర్లను తృప్తిపరచడానికి అంకె పెద్దగా కనబడాలి, అంతే. నికరంగా అడిగింది 5,000 కోట్లు.

ఇప్పుడు ఓట్ల లెక్క చూడాలి. ఈ విషయంలో వాదన అంతా అక్కడే తేలిపోతుంది.

1923లో ఫ్రాన్స్ సైన్యం జర్మనీ గనులు, కర్మాగారాలుండే రూర్ ప్రాంతంలోకి దిగింది. మార్కు పతనమై నవంబరు నాటికి ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికింది. అవమానం పరాకాష్ఠకు చేరిన సంవత్సరం అదే. ఆ నెలలోనే మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు చేశాడు. ఒక్క రోజులో అణిగిపోయింది, జైలుకు పోయాడు. తర్వాత డాస్ ప్రణాళిక వచ్చింది, కిస్తీలు తగ్గాయి. 1925లో పడమటి సరిహద్దులకు హామీ ఇస్తూ లొకార్నో ఒప్పందం, 1926లో నానాజాతి సమితిలో జర్మనీకి చోటు. జర్మన్ విదేశాంగ మంత్రి స్ట్రెసెమన్, ఫ్రెంచ్ మంత్రి బ్రియాండ్ కలిసి ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. సీట్లు 12. సంధి మీద సంతకాలు పడి అప్పటికి దాదాపు తొమ్మిదేళ్లు. బీజం సంధిలోనే ఉంటే తొమ్మిదేళ్లలో మొలక కూడా రాలేదేం?

ఆ మరుసటి ఏడాది జరిగింది ఇంకా ఆసక్తికరం. పరిహారాన్ని మళ్లీ సవరిస్తూ యంగ్ ప్రణాళిక వచ్చింది. పత్రికల అధిపతి, జాతీయవాద నాయకుడు హ్యూగెన్‌బర్గ్ హిట్లర్‌ను వెంటబెట్టుకుని దాని మీద రెఫరెండం పెట్టించాడు. పరిహారం కట్టం, యుద్ధ నేరం ఒప్పుకోం, ఇలాంటి ఒప్పందాల మీద సంతకం పెట్టే మంత్రులను దేశద్రోహం కింద విచారించాలి. ఇదీ ప్రతిపాదన. సంధి మీద జర్మన్ల కోపం ఎంతో తేల్చడానికి ఇంతకంటే సూటి పరీక్ష ఉండదు. పత్రికలు, సినిమా కంపెనీ, డబ్బు అన్నీ హ్యూగెన్‌బర్గ్ చేతిలో ఉన్నాయి. 1929 డిసెంబరు 22న ఓటింగ్ జరిగింది. నెగ్గాలంటే మొత్తం ఓటర్లలో సగం మంది ‘అవును’ అనాలి. అన్నది సుమారు 58 లక్షల మంది, నూటికి పద్నాలుగు మంది కూడా లేరు. ఈ రెఫరెండం ప్రస్తావన మన గైడ్లలో నాకెప్పుడూ కనబడలేదు. సంధి మీది కోపం నిజమే, కానీ ఆ కోపం ఒక్కటే ప్రభుత్వాలను కూల్చలేకపోయింది.

కూల్చింది ఆర్థిక మాంద్యం, దాన్ని ఎదుర్కోవడంలో బెర్లిన్ రాజకీయులు తీసుకున్న నిర్ణయాలు. 1930 మార్చిలో హెర్మన్ ముల్లర్ సంకీర్ణం పడిపోయింది. కారణం, నిరుద్యోగ బీమా చందా ఎంత పెంచాలన్న తగాదా. ఒక శాతం కూడా లేని పెంపు దగ్గర పార్టీలు పట్టుపట్టి విడిపోయాయి. ఆ తర్వాత హిట్లర్ వచ్చేదాకా జర్మనీలో పార్లమెంటు మెజారిటీ మీద నడిచిన ప్రభుత్వమే లేదు. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ నియమించిన చాన్సలర్ బ్రూనింగ్, రాజ్యాంగంలోని 48వ అధికరణం కింద అత్యవసర ఆర్డినెన్సులతో పాలించాడు. జీతాలు కోశాడు, భృతి కోశాడు, పన్నులు పెంచాడు. సభ తన ఆర్డినెన్సును కొట్టేస్తే సభనే రద్దు చేశాడు. 1930 సెప్టెంబరు ఎన్నికల్లో నాజీలు 12 సీట్ల నుంచి 107కు ఎగబాకారు. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు దాటారు.

1932 జులై 9న లొసాన్‌లో నష్టపరిహారాన్ని దాదాపుగా రద్దు చేసేశారు. చివరి విడతగా 300 కోట్ల మార్కులన్నారు, అవీ ఎవరూ కట్టలేదు. జర్మనీ నడ్డి విరిచిందంటున్న ఆ భారం దిగిపోయింది. మూడు వారాలు దాటగానే, జులై 31న, నాజీలకు 37.3 శాతం ఓట్లు పడ్డాయి. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో వాళ్లకు వచ్చిన అత్యధికం అదే. పరిహారం కోపమే కారణమైతే ఈ తేదీలు ఇలా ఉండవు.

ఆ ఓట్లు ఎక్కడ పడ్డాయో కూడా చూడాలి. సంధి పేరు చెప్పి విదేశీ సైన్యాలు ఏళ్ల తరబడి తిష్ఠ వేసింది జర్మనీ పడమటి అంచున రైన్ నది వెంట ఉండే రైన్‌లాండ్‌లో. బెల్జియం, బ్రిటన్, ఫ్రాన్స్ సైనికులు అక్కడి వీధుల్లో తిరిగారు. అవమానం కళ్లారా చూసిన కొలోన్, ఆచెన్ జిల్లాల్లో నాజీలకు పడ్డది ఐదింట ఒక వంతు దరిదాపు. ఉత్తరాన పాడి, పంట రైతులుండే ష్లెస్విగ్ హోల్‌స్టీన్‌లో సగానికి పైగా. కొలోన్ కాథలిక్ ఓటర్లకు సెంటర్ పార్టీ ఉంది, కార్మికులకు సోషల్ డెమొక్రాట్లూ కమ్యూనిస్టులూ ఉన్నారు. అప్పుల్లో కూరుకుపోయిన ప్రొటెస్టెంట్ రైతుకు, చిన్న దుకాణదారుకు తనదనుకునే పార్టీ మిగల్లేదు. తూర్పు ప్రష్యా లాంటి సరిహద్దు ప్రాంతాల్లో సంధి గాయం కూడా ఓటుగా మారింది, కాదనను. దేశం మొత్తానికి మాత్రం ఆ లెక్క సరిపోదు.

ఇంత జరిగాక కూడా హిట్లర్ ప్రజల ఓటుతో చాన్సలర్ కాలేదు. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలు 20 లక్షల ఓట్లు పోగొట్టుకున్నారు, 230 సీట్ల నుంచి 196కు దిగారు. పార్టీ ఖజానా ఖాళీ. గాలి తగ్గిందని అందరికీ తెలుస్తోంది. సరిగ్గా అప్పుడు, 1933 జనవరి 4న, కొలోన్‌లో బ్యాంకర్ కర్ట్ ఫాన్ ష్రోడర్ ఇంట్లో మాజీ చాన్సలర్ పాపెన్ హిట్లర్‌ను కలిశాడు. పాపెన్‌కు తన కుర్చీ లాక్కున్న ష్లైకర్ మీద కసి. ష్లైకర్‌ను దించాలంటే హిట్లర్ కావాలి. హిట్లర్‌ను “ఆ బొహీమియన్ కార్పొరల్” అని ఈసడించుకున్న హిండెన్‌బర్గ్‌ను ఒప్పించే పని పాపెన్ నెత్తినేసుకున్నాడు. జనవరి 30న మంత్రివర్గం కొలువైంది. అందులో నాజీలు ముగ్గురే: హిట్లర్, ఫ్రిక్, గోరింగ్. మిగతావాళ్లంతా సంప్రదాయవాదులు, దొరలు. హిట్లర్‌ను మనమే పనిలో పెట్టుకున్నామని పాపెన్ స్నేహితుల దగ్గర ధీమాగా చెప్పుకున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి, మార్చి 23న, క్రోల్ ఒపేరా హౌస్‌లో తుపాకుల మధ్య కూర్చున్న సభ 444 ఓట్లతో సర్వాధికారాలు హిట్లర్‌కు రాసిచ్చింది. వ్యతిరేకించిన 94 మందీ సోషల్ డెమొక్రాట్లే. వాళ్ల నాయకుడు ఒటో వెల్స్ లేచి, మా స్వేచ్ఛనూ ప్రాణాలనూ తీసుకోగలరు, మా గౌరవాన్ని తీసుకోలేరు అన్నాడు. ఆ 94 మంది కూడా అదే సంధిని చూసిన జర్మన్లే. ఈ దేశంలో అందరికీ ఒకే దారి మిగిలిందనే మాటను ఆ సాయంత్రమే కాదన్నారు.

హిట్లర్‌కు కావలసింది సంధి రద్దేనా? చాన్సలర్ అయిన నాలుగో రోజే, ఫిబ్రవరి 3న, సైన్యాధిపతి హామర్‌స్టీన్ ఇంట్లో జనరళ్లతో మాట్లాడుతూ మనసులో మాట చెప్పాడు. తూర్పున కొత్త నేల గెలుచుకోవాలి, దాన్ని నిర్దాక్షిణ్యంగా జర్మన్ నేలగా మార్చాలి. అక్కడున్న ఒక జనరల్ రాసుకున్న నోట్సులో ఈ సంగతి నమోదైంది. 1936 ఆగస్టులో రాసిన రహస్య పత్రంలో, నాలుగేళ్లలో సైన్యం కదనానికి, ఆర్థిక వ్యవస్థ యుద్ధానికి సిద్ధం కావాలన్నాడు. 1914 నాటి సరిహద్దులు తిరిగొస్తే తృప్తిపడే మనిషి రాసే మాటలా ఇవి?

మరి లండన్, పారిస్ ఎందుకు చూస్తూ ఊరుకున్నాయి? వర్సెయిల్స్ నిజంగా పని చేసింది ఈ ప్రశ్న దగ్గరే. 1919లో శాంతి సభకు బ్రిటిష్ ఖజానా తరఫున వెళ్లిన కీన్స్, షరతులు నచ్చక రాజీనామా చేసి, ఆ సంధి యూరప్‌ను నాశనం చేస్తుందని అదే ఏడాది ఓ పుస్తకం రాశాడు. విపరీతంగా అమ్ముడుపోయింది. పదేళ్లు తిరిగేసరికి ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లంతా జర్మనీకి అన్యాయం జరిగిందనే అన్నారు. ఆ అపరాధభావం మీద హిట్లర్ సులువుగా వాయించాడు. 1935 జూన్ 18న బ్రిటన్ తానే జర్మనీతో నౌకాదళ ఒప్పందం చేసుకుంది, తన నౌకాదళంలో 35 శాతం దాకా కట్టుకోమంది. ఫ్రాన్స్‌ను మాటవరసకైనా అడగలేదు. సంధికి కాపలాదారే సంధిని తుంగలో తొక్కిన రోజది.

జర్మన్ సైన్యం ఉండకూడదని సంధి చెప్పిన రైన్‌లాండ్‌లోకి 1936 మార్చి 7న హిట్లర్ సైన్యాన్ని పంపాడు. రైన్ నదికి పశ్చిమాన అడుగుపెట్టినవి మూడు బెటాలియన్లు. ఫ్రాన్స్ సైన్యం గట్టిగా కదిలితే వెనక్కి తిరగాల్సిన బలగం. ఫ్రాన్స్‌లో ఎన్నికలు దగ్గరపడ్డాయి, ప్రభుత్వం తాత్కాలికం, సైన్యాధిపతి గామెలిన్ జర్మన్ బలాన్ని ఉన్నదానికంటే ఎంతో ఎక్కువ చేసి చెప్పాడు. లండన్‌లో వినబడిన మాట ఏమిటంటే, వాళ్లు తమ సొంత పెరట్లోకే కదా వెళ్లింది అని. నా దృష్టిలో యుద్ధాన్ని చవకగా ఆపగలిగిన ఆఖరి అవకాశం ఆ వారమే.

1938లో మ్యూనిక్. చెకొస్లొవేకియాలో జర్మన్ భాష మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న సరిహద్దు ప్రాంతం సుడేటన్‌లాండ్‌ను జర్మనీకి “తిరిగి ఇవ్వడం” అని చాలామంది రాస్తారు. అది జర్మనీది ఎప్పుడు గనక? 1918 దాకా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగం. వర్సెయిల్స్ జర్మనీ నుంచి లాక్కున్న నేల కాదు. అయినా జాతుల స్వయం నిర్ణయం అన్న మాట అడ్డుపెట్టి హిట్లర్ అడిగాడు, బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ తలూపాడు. సెప్టెంబరు 29న నలుగురు కూర్చున్నారు: హిట్లర్, ముస్సోలినీ, చాంబర్లేన్, ఫ్రెంచ్ ప్రధాని దలాదియే. ఎవరి దేశాన్ని కోస్తున్నారో ఆ చెక్‌లకు కుర్చీ లేదు. చెక్ దౌత్యవేత్తలు మాస్ట్నీ, మసరిక్ హోటల్ గదిలో ఎదురుచూస్తూ కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక పిలిచి, ఒప్పందం, మ్యాపు చేతిలో పెట్టారు. జవాబు కోసం ఎవరూ ఎదురుచూడలేదు. చాంబర్లేన్ ఏ మొహమాటం లేకుండా ఆవలిస్తూనే ఉన్నాడని మసరిక్ తన నివేదికలో రాశాడు. కొండ సరిహద్దుల్లో చెక్‌లు కట్టుకున్న కోటలన్నీ ఒక్క తూటా పేలకుండా పోయాయి.

ఈ మోసాన్ని మనవాళ్లు అప్పుడే పసిగట్టారు. 1939 మార్చి రెండో వారంలో త్రిపురిలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. తెలుగువాళ్లకు త్రిపురి అంటే మన బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్య సుభాష్ బోస్ చేతిలో 1,377కు 1,580 ఓట్లతో ఓడిన ఎన్నిక, ఆ తర్వాతి రభస గుర్తొస్తాయి. అదే సభ మ్యూనిక్ ఒప్పందాన్ని, దానికి దారితీసిన బ్రిటిష్ విదేశాంగ విధానాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. సొంత ప్రభుత్వం లేని దేశం, జెనీవాలోని నానాజాతి సమితిలో నోరెత్తే హక్కు లేని జనం, బ్రిటిష్ ప్రధానికి కనబడనిది చూశారు. నాకు మన స్వాతంత్ర్య పోరాటంలో గర్వంగా అనిపించే సంగతుల్లో ఇదొకటి, కానీ పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పంక్తి కూడా నాకు కనబడలేదు.

ఆ సభ ముగిసిన కొద్ది రోజులకే, మార్చి 14 రాత్రి, చెక్ అధ్యక్షుడు హాఖాను బెర్లిన్‌కు రప్పించారు. ముసలివాడు, గుండె జబ్బు మనిషి. ఒంటిగంట దాటేదాకా కూర్చోబెట్టి అప్పుడు లోపలికి పిలిచారు. సంతకం పెట్టకపోతే తెల్లారేసరికి ప్రాగ్ మీద బాంబులు పడతాయని గోరింగ్ బెదిరించాడు. హాఖా స్పృహ తప్పాడు. హిట్లర్ డాక్టరు మోరెల్ సూది వేసి లేపాడు. నాలుగు కావస్తుండగా సంతకం పెట్టాడు. ఉదయానికి జర్మన్ దళాలు ప్రాగ్‌లో ఉన్నాయి. చెక్‌లు జర్మన్లు కారు, బొహీమియా సంధి తీసుకున్న నేల కాదు. పరిహారాలు ఏడేళ్ల కిందటే పోయాయి, రైన్‌లాండ్ దక్కింది, ఆస్ట్రియా దక్కింది. ఇక ఏ అవమానం పేరు చెప్పాలి? లండన్‌కు కళ్లు తెరుచుకున్నది ఆ ఉదయమే. మార్చి 31న చాంబర్లేన్ పోలండ్‌కు హామీ ఇచ్చాడు.

జర్మనీ నుంచి విడదీసిన డాంజిగ్ రేవు పట్టణం, పోలండ్‌కు సముద్రం దాకా దారిగా ఇచ్చిన పోలిష్ కారిడార్ మాత్రం వర్సెయిల్స్ పెట్టినవే కదా అని అడగవచ్చు. దానికి హిట్లరే జవాబిచ్చాడు. 1939 మే 23న సేనాధిపతులతో, వివాదం డాంజిగ్ గురించి కానేకాదు, తూర్పున మన జీవన స్థలాన్ని విస్తరించడం గురించి అన్నాడు. దాన్ని రాసి పెట్టింది అతని సొంత సైనిక సహాయకుడు.

అప్పటికైనా సోవియట్ యూనియన్‌ను కలుపుకుంటే రెండువైపులా యుద్ధం చేయాల్సి వస్తుందని హిట్లర్ జంకేవాడేమో. బ్రిటన్ ఏం చేసిందో చూడండి. మాస్కోతో సైనిక చర్చలకు అడ్మిరల్ డ్రాక్స్‌ను పంపింది, విమానంలో కాదు, ‘సిటీ ఆఫ్ ఎక్సెటర్’ అనే నిదానపు ఓడలో. ఆగస్టు 5న బయల్దేరి 11న మాస్కో చేరాడు. సోవియట్ రక్షణ మంత్రి వొరొషిలోవ్ అధికార పత్రం చూపమంటే డ్రాక్స్ దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు. మా సైన్యం పోలండ్ గుండా వెళ్లనిస్తారా అని వొరొషిలోవ్ అడిగాడు. వార్సా ససేమిరా అంది. రష్యన్ సైన్యం ఒకసారి లోపలికొస్తే బయటికి పోదని పోలండ్‌కు అనుభవం, ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. ఆగస్టు 23న జర్మన్ విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్ మాస్కోలో విమానంలో దిగాడు. ఆ రాత్రే ఒప్పందం. రహస్య భాగంలో పోలండ్‌ను, బాల్టిక్ దేశాలను పంచుకున్నారు. ఇందులో స్టాలిన్ వాటా తక్కువేమీ కాదు. పడమటి దేశాలు మోసం చేశాయి కాబట్టి ఆయనకు గత్యంతరం లేదని మన ఎడమపక్ష మిత్రులు చెప్పే మాటతో నేను ఏకీభవించను. ఆత్మరక్షణకు గడువు కొనుక్కోవడం వేరు, పక్క దేశంలో సగం పుచ్చుకోవడం వేరు.

తొమ్మిది రోజులకు, సెప్టెంబరు 1న, జర్మనీ పోలండ్ మీద పడింది. 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు, ఆరు నెలల కిందటే మ్యూనిక్ తప్పని చెప్పిన కాంగ్రెస్‌లో ఒక్కరినీ అడగలేదు. సెప్టెంబరు 14న వార్ధాలో కాంగ్రెస్ కార్యవర్గం నెహ్రూ రాసిన ప్రకటన విడుదల చేసింది. నాజీల దురాక్రమణను ఖండించి, ఆపైన బ్రిటన్‌ను సూటిగా అడిగింది: ఈ యుద్ధం ప్రజాస్వామ్యం కోసమైతే, ఆ ప్రజాస్వామ్యం మాకు వర్తిస్తుందా? అక్టోబరు 17న వచ్చిన జవాబులో, యుద్ధం అయ్యాక చూద్దామన్నదే సారాంశం. ఆ నెలాఖరుకు మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు గవర్నర్ పాలన కిందికి వెళ్లాయి.